స్వరపేటిక కొలతలకు త్రీడీ స్లైసర్: ఆ తిప్పే గీతల కోసమే వదల్లేకపోతున్నాను

మెడ సీటీ స్కాన్లలో స్వరపేటిక కొలతలు చాలాకాలంగా త్రీడీ స్లైసర్ అనే, స్కాన్లు చూసి కొలిచే సాఫ్ట్‌వేర్‌లోనే తీస్తున్నాను. ఉచితమన్న సంగతి అందరికీ తెలిసిందే. నన్ను కట్టిపడేసింది మాత్రం ఒక్కటే: స్లైసులు, అంటే స్కాన్ కోత చిత్రాలు, కలిసే చోట గీతల్ని పట్టుకుని కావలసిన కోణానికి తిప్పే సదుపాయం.

స్కానర్ ఇచ్చే అడ్డుకోత, స్వరపేటిక అడుగున ఉంగరంలా ఉండే క్రికాయిడ్ మృదులాస్థికి సరిగ్గా సమాంతరంగా రావడం అరుదు. మెడ వాలితే ఉంగరం ఏటవాలుగా తెగి, ముందు-వెనక కొలత సాగుతుంది. వాలు 20 డిగ్రీలుంటే, నిజంగా 20 మి.మీ. ఉన్నది 21.3 చూపిస్తుంది. పక్కల కొలత మారదు కాబట్టి గుండ్రటి ఉంగరం కూడా కోలగా కనబడుతుంది. అందుకే ముందు కూడలిని ఉంగరం నడుమ పెట్టి, సాజిటల్ వ్యూలో (పక్క నుంచి చూసే కోతలో) గీతను క్రికాయిడ్ కింది అంచుకు సమాంతరంగా తిప్పుతాను. తర్వాత కొరోనల్‌లో (ఎదురుగా చూసే కోతలో) కుడి ఎడమలు సరిచేసి, అప్పుడు కొలుస్తాను. కొలత గీత గాలి అంచు దగ్గర ఆగాలా, మృదులాస్థి లోపలి అంచు దగ్గరా అన్నది ముందే తేల్చుకోవాలి. రెండింటి నడుమ శ్లేష్మపొర మందం ఉంటుంది. విండో (తెలుపు-నలుపుల అమరిక) కూడా మధ్యలో మార్చకూడదు, మారిస్తే అంచే జరిగినట్టు కనబడుతుంది.

థ్రెషోల్డ్, అంటే సాంద్రతకు ఒక హద్దు, పెడితే చాలు, మృదులాస్థి దానంతటదే విడివడుతుందని మొదట్లో తెగ మెచ్చుకునేదాన్ని. ఇప్పుడు ఆ మాట వయసు మళ్ళినవాళ్ళ స్కాన్ల వరకే అంటాను, అదీ పూర్తిగా కాదు. స్వరపేటిక ముందువైపు రెండు పలకలుగా ఉండే థైరాయిడ్ మృదులాస్థి వెనక అంచు, కింది అంచుల నుంచి ఎముకగా మారడం మొదలవుతుంది. పలకల నడిమి భాగం చాలాకాలం మెత్తగానే మిగులుతుంది. థ్రెషోల్డ్‌ను 200 హౌన్స్‌ఫీల్డ్ (సీటీలో సాంద్రత కొలమానం) దగ్గర పెడితే పలకలకు పెద్ద పెద్ద చిల్లులు. తగ్గిస్తే పక్క కండరాలన్నీ వచ్చి అంటుకుంటాయి, ఎందుకంటే ఎముక కాని మృదులాస్థి సాంద్రత వాటికి దగ్గరగానే ఉంటుంది. చివరికి కొన్ని స్లైసుల్లో చేత్తో గీసి, మిగతావి, నడుమ ఖాళీలను తనే పూరించే ‘ఫిల్ బిట్వీన్ స్లైసెస్’తో నింపి, ఒక్కొక్కటీ మళ్ళీ చూసుకోవాల్సిందే.

స్వరతంతువుల పొడవుకు ముందు కొస సులువుగా దొరుకుతుంది. వెనక కొసే చిక్కు: స్వరతంతువు వెనక అతుక్కునే అరిటినాయిడ్ మృదులాస్థి కొన (వోకల్ ప్రాసెస్) సాగే గుణమున్న మృదులాస్థి, ఎముకగా మారదు, సీటీలో విడిగా తేలదు. ఆ అంకెను నేను అంచనాగానే రాస్తాను.

3 మి.మీ. మందం స్లైసుల్ని కూడా ఇది నున్నగా చూపిస్తుంది, నమ్మకండి. స్కాన్ మధ్యలో మింగితే అంచులు రెండేసి కనబడతాయి, వాటిని కొలవకుండా పక్కన పెట్టడమే మేలు.

నాకొచ్చేవి పెద్దవాళ్ళ స్కాన్లు, 1 మి.మీ. లేదా అంతకన్నా పలచనివి, సంఖ్యా తక్కువే. కాబట్టి చేతిపని భరించగలుగుతున్నాను. పిల్లల స్వరపేటికలైతే, లేదా వందల స్కాన్లు ముందుంటే, కోణాలూ వ్యాసాల వరకు దీన్ని తీసుకోమంటాను. మృదులాస్థి నమూనాల కోసమైతే అంత ధీమాగా చెప్పలేను.