ఆరేళ్లు వాడిన త్సెల్ట్‌బాన్ 31: అడవిలో పనికొచ్చింది, వానలో తేలిపోయింది

బెర్లిన్‌లో ఉద్యోగం. సెలవు దొరికితే బ్రాండెన్‌బర్గ్ పైన్ అడవుల్లో జింకలనీ కొంగలనీ ఫొటోలు తీస్తుంటాను. జర్మన్ సైన్యం రెండో ప్రపంచయుద్ధంలో వాడిన త్సెల్ట్‌బాన్ 31 గుడారపు గుడ్డకి కొత్తగా కుట్టిన నకలు ఒకటి 90 యూరోలకు కొని ఆరేళ్లయింది. కొనేముందు ఎన్ని చోట్ల వెతికినా దాని చరిత్రే తప్ప వాడి చూసినవాళ్ల మాట దొరకలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మూడు మూలల నూలు గుడ్డ ఇది. రెండు అంచులు రెండు మీటర్ల పైచిలుకు, మూడోది ఇంకా పొడవు. బరువు కిలోంపావు. మధ్యలో తల దూర్చుకోవడానికి చీలిక, అంచుల వెంట గుండీలు, కాజాలు. 1931లో అప్పటి జర్మన్ సైన్యం రైష్‌వేర్ పాత బూడిదరంగు గుడ్డ తీసేసి దీన్ని తెచ్చింది. పగిలిన గాజుపెంకుల్లా కోణాలు తేలిన ఆకుపచ్చ, గోధుమరంగు ముక్కలు, వాటి మీద వాన చారల్లా సన్నటి గీతలు. ఒక వైపు ముదురు రంగు, రెండో వైపు లేత రంగు. చుట్టుపక్కల రంగుల్లో కలిసిపోయే కామోఫ్లాజ్ చొక్కాల కంటే ఈ గుడారపు గుడ్డే ముందు వచ్చింది. ఇదే అచ్చుతో హెల్మెట్ తొడుగులు, తలమీంచి వేసుకునే వదులు చొక్కాలు కాలాళ్లకు 1942 నుంచి అందాయి.

కనపడకుండా దాస్తుందా? పైన్ చెట్ల కింద, ఎండుటాకుల్లో, ముప్ఫై మీటర్ల దూరం నుంచి బాగా దాస్తుంది. మనిషి భుజాల గీత విరిగిపోయి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియదు. పచ్చికబయల్లో మాత్రం ముదురు వైపు నల్లటి ముద్దలా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, లేత వైపు కొంచెం నయం. జింకలకి ఎరుపు, ఆకుపచ్చల తేడా ఎలాగూ సరిగా తెలియదు. వాటిని బెదరగొట్టేది కదలిక, వాసన, చప్పుడు. ఈ గుడ్డ నిజంగా గెలిచింది చప్పుడు దగ్గరే. నా నైలాన్ రెయిన్ జాకెట్ చేయి ఎత్తితే చాలు గరగరమంటుంది. ఈ నూలు గుడ్డ కింద కూర్చుని లెన్స్ తిప్పినా జింక తల ఎత్తలేదు. ఒక్క జాగ్రత్త: మామూలు సబ్బుపొడితో ఉతకొద్దు. బట్టలు తెల్లగా మెరవడానికి అందులో కలిపే పదార్థం నీలి వెలుగు చిమ్ముతుంది, నీలం జింకలకి బాగా కనిపిస్తుంది. నేను చల్లటి నీళ్లలో జాడించి నీడలో ఆరేస్తాను.

వాన సంగతికొస్తే నాకు అసంతృప్తే. దట్టంగా నేసిన నూలు తడవగానే ఉబ్బి సందులు మూసుకుంటాయి, కాబట్టి మొదటి అరగంట పరవాలేదు. ఆ తర్వాత భుజాల దగ్గర నానుతుంది. లోపలి నుంచి మోచేయి తగిలితే అక్కడే నీళ్లు దిగుతాయి. రెండు గంటల వానకి బరువు మోయలేం, ఆరడానికి రెండు రోజులు. మా తాత గొంగడి కప్పుకుని వానలో గొర్రెల వెంట తిరిగేవాడు. అదీ బరువెక్కేది కానీ ఉన్ని కాబట్టి తడిసినా వెచ్చగా ఉండేది. ఇది తడిస్తే ఒళ్లు గడ్డకడుతుంది. తేనెమైనం రుద్ది ఇస్త్రీపెట్టెతో కరిగించాక కొంత మెరుగైంది, ఏడాదికోసారి ఆ పని తప్పదు. సైనికులు గుండీలు మార్చి పెట్టుకుని నడకకు ఒకలా, సైకిల్‌కు ఒకలా, గుర్రానికి ఒకలా దీన్ని తొడుక్కునేవారు. సైకిల్ మీద నేనూ ప్రయత్నించాను. కాళ్లకి చుట్టుకోదు, అంతవరకు బాగుంది.

గుడారంగా మాత్రం దీని తయారీ వెనక ఆలోచన చూసి ముచ్చటేసింది. సైనికుడికి ఒక్కటే గుడ్డ, నాలుగు ముక్కల కర్ర, రెండు మేకులు, ఒక తాడు ఇచ్చేవారు. నలుగురు కలిసి గుండీలు పెట్టుకుంటేనే పూర్తి గుడారం. ముగ్గురు మిత్రులతో కలిసి అలా మూడుసార్లు పడుకున్నాను. ఏటవాలుగా ఉంటుంది కాబట్టి వాన నిలవదు, జారిపోతుంది. కింద పరుపేమీ లేదు, నేల చలి వీపుకి ఎక్కుతుంది. నా గుడ్డకి గుండీల దారం మొదటి ఏడాదే ఊడింది. అమ్మినవాళ్లకి రాస్తే జవాబు లేదు. మైనం పట్టించిన దారంతో అన్నీ నేనే మళ్లీ కుట్టుకున్నాను. సంతలో ఒకసారి అసలు గుడ్డ పట్టుకుని చూశాను, నేత నాదానికంటే చాలా బిగువుగా ఉంది.

దీని గురించి మాట్లాడుతూ ఈ ఒక్క విషయం వదిలేయలేను. సైన్యానికి వేరుగా, హిట్లర్ నాజీ పార్టీ సాయుధ దళమైన ఎస్ఎస్ తన కామోఫ్లాజ్ బట్టలు తానే తయారు చేయించుకుంది. బెర్లిన్‌కి ఉత్తరాన రావెన్స్‌బ్రూక్ మహిళా నిర్బంధ శిబిరంలో, టెక్స్‌లెడ్ అనే ఎస్ఎస్ సంస్థ కింద ఖైదీ స్త్రీల చేత పగలూ రాత్రీ షిఫ్టుల్లో యూనిఫాంలు కుట్టించారు. రైలెక్కి ఫ్యుర్‌స్టెన్‌బర్గ్‌లో దిగి ఆ స్మారకానికి వెళ్లాను. గుండీ కుట్టడానికి సూది పట్టుకున్నప్పుడల్లా ఆ స్త్రీల చేతులు గుర్తొస్తాయి. నా గుడ్డ డిజైన్ సైన్యానిది, వాళ్ల చేత కుట్టించింది ఎస్ఎస్ కోసం. అయినా అవి నడిచింది ఒకే యుద్ధంలోకి.

మొదటి ఏడాది ఒక సాయంత్రం వానలో దీన్ని కప్పుకునే ఊరి బస్‌స్టాప్‌కి వచ్చాను. అక్కడ కూర్చున్న పెద్దావిడ నన్ను చూసి, లేచి అటుపక్కకి తిరిగి నిలబడింది. ఏమీ అనలేదు. నాకు చాలా సిగ్గేసింది. అప్పటి నుంచి అడవి దాటకముందే మడిచి సంచిలో పెట్టేస్తున్నాను, ఒంటి మీద వేసుకోవడమే మానేశాను. రెండు చెట్ల మధ్య తాడు కట్టి తెరలా దించి, దాని వెనక కూర్చుంటున్నాను.

కొనాలనుకుంటే: నాజీల స్వస్తికా ముద్రలు లేనిదే చూసి తీసుకోండి, వాటిని బయట ప్రదర్శిస్తే జర్మనీలో నేరం. కాజాల అంచులు గట్టిగా లాగి చూడండి. వాన కోసమైతే వద్దు, మామూలు టార్పాలిన్ సగం ధరకే వస్తుంది. చప్పుడు లేని తెర కావాలంటే తీసుకోండి, నేను దీని బదులు ఇంకోటి వెతకడం లేదు.