హన్మకొండ గానుగ షాపు కొబ్బరినూనె, పసిపాపకు వాడినంక

చెల్లె డెలివరీ అయినంక పాప మసాజ్ కోసమని చౌరస్తా దగ్గరున్న ఒక చెక్క గానుగ షాపుల కొబ్బరినూనె తెచ్చినం, ఇప్పటికీ అదే నడుస్తున్నది. నూనె మాత్రం మస్తుంటది. ఎండుకొబ్బరి మన ముందటనే ఆడిస్తరు, వాసన కమ్మగ వస్తది, ప్యాకెట్ నూనెకంటే రేటు ఎక్కువే గానీ పసిపిల్లకు రోజుకు పట్టేది ఎంత, చెంచాడు కూడా పట్టది. చలికాలం పొద్దుగాల గడ్డకట్టి ఉంటది, కల్తీ అనుకొని పరేషాన్ గాకుండ్రి, కొబ్బరినూనె 24 డిగ్రీల కింద గట్టిపడ్తది, గిన్నెల వేడినీళ్లు పోసి సీసా పెడితే చాలు.

పాప కాళ్ల మీద పొట్టు లేస్తుండె, గీ నూనెతోనే పోయిందని అమ్మ అందరికీ చెప్తది. అది నేను ఒప్పుకోను, నెలలు నిండి పుట్టిన పిల్లలకు పొట్టు రాలుడు మామూలే, ఏం రాయకున్నా పోతది. చర్మం ఎండిపోకుండ మెత్తగ ఉన్నదంటే మాత్రం నూనె పుణ్యమే.

అసలు కంప్లయింట్ వేరే ఉన్నది. కౌంటర్ మీద "బేబీ మసాజ్ ఆయిల్" అని ఒక సీసా పెట్టిండ్రు, ఆవనూనె, ఆలివ్ నూనె, ఏదో సెంటు కలిపింది, పైగా రంగు తేల్తదని అంటగడ్తరు. నూనెతోని రంగు మారుడేంది! ఆలివ్ నూనెల ఓలిక్ యాసిడ్ అనే ఒక రకం కొవ్వు ఎక్కువ, అది చర్మం పైపొరను బలహీనం చేస్తది. మాంచెస్టర్‌ల 115 మంది పసిపిల్లల మీద చేసిన స్టడీ 2016ల వచ్చింది, ఆలివ్ నూనె, పొద్దుతిరుగుడు నూనె రాసినోళ్లకు తేమైతే పెరిగింది గానీ చర్మం పైపొరల కాపుగ ఉండే కొవ్వు వరుసలు కుదురుకునుడు వెనకబడ్డది. అట్లని నూనెలన్నీ చెడ్డయని కాదు, ఢాకాల నెలలు నిండక ముందే పుట్టిన పిల్లలకు పొద్దుతిరుగుడు నూనె రాస్తే ఆస్పత్రి ఇన్ఫెక్షన్లు 41 శాతం తగ్గినయని 2005ల తేలింది. కొబ్బరినూనెల ఓలిక్ తక్కువ, ఎక్కువ ఉండేది లారిక్ యాసిడ్ అనే ఇంకో రకం కొవ్వు, అందుకే మేం దాని దిక్కే పోయినం.

తానం పోసే అవ్వతోని ఇంకో పంచాయితీ. గట్టిగ రుద్దితేనే బొక్కలు గట్టిపడ్తయంటది, ముక్కుల రెండు చుక్కలు ఎయ్యమంటది. ముక్కుల పోసిన నూనె ఊపిరితిత్తులల్లకు పోతే నిమోనియా వస్తది అవ్వా అంటే, మీ అమ్మకు ఎయ్యలేదా అని నన్నే గద్దించింది. అయినా ఎయ్యనియ్యలే, సున్నిపిండి కూడా బంద్ పెట్టించినం. ఎండాకాలం నూనె తక్కువ రాసి తానంల మంచిగ పోయేటట్టు కడగాలె, లేకుంటే చెమటకాయలు లేస్తయ్.

షాపుకు నాలుగు స్టార్లు. ఒకటి ఆ బేబీ సీసాకే కోసిన. పావులీటరు అడిగితే మొఖం మాడ్చుకుంటరు, మన స్టీలు డబ్బా పట్టుకపోతే మాత్రం మంచిగ పోసిస్తరు.