జరిగిపోయిన అరనిమిషాన్ని పట్టిచ్చే మీట: రీప్లే బఫర్‌తో రెండేళ్లు

కంప్యూటర్ తెరపై జరిగేదాన్ని రికార్డు చేసే, ప్రసారం చేసే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్ స్టూడియో ఉచితమనీ, స్ట్రీమింగ్ చేసేవాళ్లలో చాలామంది దాన్నే వాడతారనీ అందరికీ తెలుసు కనుక ఆ సంగతులు వదిలేస్తున్నాను. ఉద్యోగం ముగిశాక రాత్రిపూట ఒక చిన్న 2డీ గేమ్ తయారుచేసుకుంటున్న నాకు, అందులో అన్నిటికంటే ఎక్కువగా అక్కరకొచ్చినది రీప్లే బఫర్. మామూలు రికార్డింగ్ మీట నొక్కిన తరువాత జరిగేదాన్ని పడుతుంది; ఇది నొక్కడానికి ముందు జరిగినదాన్ని దాచి ఇస్తుంది. నేను 30 సెకన్లకు పెట్టుకున్నాను. 40,000 కేబీపీఎస్ బిట్‌రేట్ (సెకను వీడియోకు పట్టే డేటా) దగ్గర అది ర్యామ్‌లో సుమారు 150 ఎంబీ తీసుకుంటుంది, అంతే.

దీని విలువ నాకు తెలిసింది మా మేనల్లుడి వల్ల. సెలవులకు వచ్చి గేమ్ ఆడుతున్నవాడు ఉన్నట్టుండి "మావయ్యా, బాణం తలుపులోంచి దూరిపోయింది" అన్నాడు. అంతకు కొద్దిరోజుల ముందు ఒక మిత్రుడు అదే మాట చెబితే, ఆ తలుపు ఎదుట నిలబడి పాతిక బాణాలు వేసి, ఒక్కటీ దూరకపోవడంతో, సరిగ్గా చూసి ఉండవని అతని మాట కొట్టిపారేశాను. ఈసారి వెంటనే మీట నొక్కి, ఆ వీడియోను ఒక్కొక్క ఫ్రేమే జరుపుతూ చూశాను. ఒక ఫ్రేమ్‌లో బాణం తలుపుకు ఇవతల ఉంది, తరువాతి ఫ్రేమ్‌లో అవతల ఉంది. మధ్యలో తలుపును తాకిన ఫ్రేమే లేదు. బాణం వేగం సెకనుకు 1,800 పిక్సెళ్లు. నేను గేమ్ తయారీకి వాడే గోడో ఇంజిన్‌లో ఫిజిక్స్ లెక్కలు (వస్తువుల కదలిక, తాకిడి లెక్కలు), మనం మార్చకపోతే, సెకనుకు 60 సార్లు జరుగుతాయి కనుక బాణం ఒక్కో లెక్కకు 30 పిక్సెళ్లు దూకుతోంది. తలుపు మందం 16, బాణం హిట్‌బాక్స్ (తాకిందో లేదో లెక్కించే పెట్టె) పొడవు 12. రెండూ కలిపినా 28. ఆ రెండు పిక్సెళ్ల సందులోంచే అది దాటిపోయింది. నేను కదలకుండా ఒకే చోటునుంచి వేసిన పాతిక బాణాలూ ఒకే లెక్కన వెళ్లి తగిలాయి కనుక, ఇంకెన్ని వేసినా నాకు ఆ తప్పు కనబడేది కాదు. పాత స్థానం నుంచి కొత్త స్థానం దాకా రేకాస్ట్ వేయడంతో, అంటే ఒక గీత గీసి దారిలో ఏదైనా అడ్డొచ్చిందేమో చూడడంతో, సమస్య తీరింది. మిత్రుడికి ఆ వీడియోతో పాటు క్షమాపణ కూడా పంపించాను.

అయితే ఘనతంతా బఫర్‌దే అనలేను. అంతకుముందు స్థలం కలిసొస్తుందని సెకనుకు 30 ఫ్రేముల దగ్గర రికార్డు చేసేవాణ్ణి. అదే కొనసాగి ఉంటే సగం దృశ్యమే దక్కేది, ఇంత గట్టిగా తేల్చుకోగలిగేవాణ్ణి కాదు. పైగా వీడియోలో ఏం జరిగిందో కనిపిస్తుంది గానీ, ఆడేవాడు ఏ మీట నొక్కాడో కనిపించదు. అందుకని గేమ్‌లోనే ఒక మూల ఫ్రేమ్ సంఖ్య, పాత్ర ఉన్న చోటు, నొక్కిన మీటలు చూపించే చిన్న పట్టీ పెట్టుకున్నాను. బఫర్‌ను ముందుగా ప్రారంభించకపోతే దాచేందుకు ఏమీ ఉండదు. ఓబీఎస్ తెరవగానే అది మొదలయ్యే ఆదేశాన్ని షార్ట్‌కట్‌లో చేర్చేదాకా నేను మరిచిపోయిన రోజులే ఎక్కువ. కరెంటు పోతే ర్యామ్‌లో ఉన్నదంతా పోతుంది కనుక, ఎవరైనా గంటసేపు ఆడి చూసేటప్పుడు పక్కన మామూలు రికార్డింగ్ కూడా నడుపుతాను, అదీ మధ్యలో ఆగినా అప్పటిదాకా రికార్డయినది మిగిలే ఎంకేవీ ఫార్మాట్‌లో. సెట్టింగుల్లో హెచ్చరిక కనిపిస్తున్నా లెక్కచేయక ఎంపీ4 ఎంచుకుని, మధ్యలో కంప్యూటర్ ఆగిపోవడంతో ముప్పావుగంట వీడియోను పోగొట్టుకున్నది నేనే.

పంచుకోవడం దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. ఫోన్‌లోని సందేశాల యాప్‌లో వీడియోగా పంపితే కుదించుకుపోయి బాణం ఒక మసకగా మిగిలింది. అదే ఫైలును డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు చేరింది. గేమ్ ధ్వనిని, ఆడేవాళ్ల మాటలను వేర్వేరు ట్రాకులలో పెట్టుకోవడం నాకు బాగుంది గానీ, అందుకున్నవాళ్ల ప్లేయర్ సాధారణంగా మొదటి ట్రాకునే వినిపిస్తుంది కనుక, రెండూ కలిసిన ట్రాకును మొదట ఉంచాలి.

నాది తేలికపాటి 2డీ గేమ్, 16 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్, పని చేసేది నేనొక్కణ్ణే. గ్రాఫిక్స్ కార్డును పూర్తిగా పిండుకునే 3డీ గేమ్ చేస్తున్నవారికి, వెనకాల ఎప్పుడూ ఎన్‌కోడింగ్ (దృశ్యాన్ని కుదించి వీడియోగా మార్చడం) నడవడం భారమై, ఫ్రేములు పడిపోవడం గేమ్ తప్పో రికార్డింగ్ తప్పో తేల్చుకోవడం కష్టం కావచ్చు. నేను మాత్రం గేమ్ వేగాన్ని కొలిచే రోజున బఫర్‌ను ఆపేసి, మిగిలిన రోజుల్లో నడవనిస్తున్నాను.