వేడినీళ్ళతో బల్బు వెలిగించే మోడల్: రేణిగుంట రోడ్డు షాపు, మూడున్నర స్టార్లు

మాది మెకానికల్ ఫైనల్ ఇయర్. భూమిలోంచి వచ్చే వేడినీళ్ళతో కరెంటు తీయడం మా బ్యాచ్ ప్రాజెక్టు, దాని మోడల్ చేయించింది రేణిగుంట రోడ్డులోని ఈ ఏసీ షాపులో. తిరుపతిలో వేడినీటి బుగ్గ ఎక్కడుందిరా అని అందరూ నవ్వారు, లేదు కాబట్టే హాస్టల్ మేడ మీది సోలార్ హీటర్‌ని బుగ్గ అనుకున్నాం, ఏప్రిల్‌లో ఆ నీళ్ళు 70 డిగ్రీలు ఉంటాయి. అలాస్కాలోని చీనా హాట్ స్ప్రింగ్స్‌లో 2006లో 74 డిగ్రీల నీళ్ళతోనే కరెంటు మొదలుపెట్టారు మరి.

ఆ వేడికి నీళ్ళు మరగవు. మరిగేది ఆర్134ఏ, కారు ఏసీలో ఉండే గ్యాసే, దానికి మైనస్ 26 చాలు. వేడినీళ్ళతో దాన్ని మరిగించాలి, ఆ ఒత్తిడితో చక్రం తిప్పించాలి, చల్లార్చి ద్రవం చేసి పంపుతో మళ్ళీ వెనక్కి తోలాలి. చీనాలోనూ ఈ గ్యాసే. షాపన్నకి ఇదంతా చెప్తే ఒక్క నిమిషం ఆలోచించి, "అంటే ఏసీని తిరగేసి నడపడమే కదా తమ్ముడూ" అని పాత కారు ఏసీలో గ్యాస్‌ని నొక్కే స్క్రోల్ కంప్రెసర్‌ని చక్రం బదులు తెచ్చి, వాల్వు పీకేసి డైనమోకి బిగించాడు. మా గైడుకి వారం పట్టింది ఆ మాట అర్థం కావడానికి! గొట్టాల అతుకులకి చేసిన బ్రేజింగ్ కూడా శుభ్రంగా ఉంది. 70 డిగ్రీల దగ్గర గ్యాస్ ఒత్తిడి దాదాపు 300 పీఎస్‌ఐ కదా, నైట్రోజన్‌తో 450 దాకా పరీక్షించాకే గ్యాస్ ఎక్కించాడు.

స్టార్లు పోయింది ఇక్కడ. తిరిగే ఇరుసు దగ్గర గ్యాస్ కారకుండా వేసే షాఫ్ట్ సీల్ లీకై రెండుసార్లు గ్యాస్ పోతే రెండుసార్లూ మా దగ్గరే డబ్బులు తీసుకున్నాడు, సీల్ వేసింది తనే అయినా. అంతకంటే పెద్ద తప్పు గ్యాస్‌ని చల్లార్చి ద్రవం చేసే కండెన్సర్ దగ్గర, మరీ చిన్నది పెట్టాడు. మధ్యాహ్నం మేడ మీద ట్యాంకు నీళ్ళే 38 డిగ్రీలు, వాటితో గ్యాస్ ఏం చల్లారుతుంది, బల్బు ఎర్రగా కాసేపు మిణుకుమని ఆరిపోయింది. చెరుకురసం బండి దగ్గర ఐసు దిమ్మ తెచ్చి బకెట్లో వేస్తే బ్రహ్మాండంగా వెలిగింది. చీనాలో చల్లనీళ్ళు 4 డిగ్రీలు, అక్కడ వేడికీ చలికీ తేడా 70, మాకు 32 మాత్రమే. అంత తేడా ఉన్నా వాళ్ళకి కరెంటుగా మారేది తీసుకున్న వేడిలో 8 శాతమే. ఏసీలు చేసేవాడు కండెన్సర్ సైజు ముందే అడగాలి కదా.

వెళ్ళేవాళ్ళు సీల్‌కి గ్యారంటీ బిల్లు మీద రాయించుకోండి. ట్యాంకు నీళ్ళు చల్లగా ఉంటాయని డెమో పొద్దున ఎనిమిదికే పెట్టించుకుందామని చూడకండి, అప్పటికి హీటర్ నీళ్ళు కాగవు. ఐసు మాత్రం మీరే తీసుకెళ్ళండి.