అల్యూమినియం రేకా, స్టీలు రేకా? డర్ట్ బైకు హీట్ షీల్డ్ ఇంట్లో చేసుకునేవాళ్లకు

డర్ట్ బైకును కూర్చుని నడిపేదానికంటే నిలబడి నడిపేదే ఎక్కువ. మోకాళ్లతో ట్యాంకును బిగించి పట్టుకున్నామంటే పిక్క నేరుగా ఎగ్జాస్ట్ పైపు పక్కకే వస్తుంది. నా నైలాన్ ప్యాంటు అలాగే కరిగి, పైపు మీద నల్లటి బంకలా పేరుకుపోయింది. దాన్ని గీకి తీస్తూ అనుకున్నాను, పైపుకూ కాలికీ మధ్య అడ్డుగా ఉండే షీల్డ్ నేనే చేసుకోవాలని.

మొదటిది అల్యూమినియంతో చేశాను. రేకును పైపు మీదే వంచి, అంటిపెట్టి క్లిప్పులు బిగించాను. బండి స్టార్ట్ చేసిన ఐదు నిమిషాలకే రేకూ పైపూ ఒకేలా కాలాయి. తప్పు అల్యూమినియంది కాదు, మధ్యలో గాలికి చోటు లేకపోవడానిది. ఏ రేకు తీసుకున్నా పైపుకూ దానికీ మధ్య 8 నుంచి 10 మి.మీ. ఖాళీ ఉండాలి. అది లేకపోతే ఎంత మంచి లోహం పెట్టినా దండగే.

ఖాళీ వదిలాక మాత్రం లోహం తేడా బాగా తెలుస్తుంది.

పని చేసే చేతికి అల్యూమినియం ఎంతో సుఖం. 1.5 మి.మీ. రేకు రంపానికి లొంగుతుంది, ఆకురాయికి త్వరగా నున్నబడుతుంది, డ్రిల్లు ఇట్టే దిగుతుంది. అదే సైజు, అదే మందం స్టీలు రేకుతో పోలిస్తే బరువు మూడో వంతే. లోపలి వైపు మెరిసేలా పాలిష్ చేస్తే పైపు నుంచి వచ్చే వేడిని చాలావరకు వెనక్కి కొట్టేస్తుంది. అయితే రేకు రకం చూసుకోవాలి. 5052 చక్కగా వంగుతుంది. 6061-టి6 గట్టిదే కానీ, మడత పదునుగా తిప్పితే అక్కడే చీలుతుంది.

దాని బలహీనత వేడి దగ్గరే. అల్యూమినియం కరిగేది 660 డిగ్రీల దగ్గర, నిజమే. కానీ 200 డిగ్రీలు దాటినప్పటి నుంచే బలం తగ్గుతూ వస్తుంది. నిదానంగా ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఫోర్ స్ట్రోక్ బండి బెండ్ పైపు, అంటే ఇంజిను నుంచి బయటికొచ్చే వంపు పైపు, చీకట్లో ఎర్రగా కనిపిస్తుంది. అలా కనిపించిందంటే 500 డిగ్రీలు దాటిందన్నమాట. అలాంటి చోట అల్యూమినియం బిగిస్తే బోల్టు రంధ్రాలు కోలగా సాగిపోతాయి, ఇంజిను అదురుకు అంచులు పగులుతాయి.

స్టెయిన్‌లెస్ స్టీలుకు ఆ భయం లేదు. వేడిని మోసే గుణం అల్యూమినియంతో పోలిస్తే సుమారు పదో వంతే. అందుకే బిగింపుల దగ్గర ఎక్కిన వేడి రేకంతా పాకదు. 0.8 మి.మీ. మందం చాలు, ముందు చక్రం విసిరే రాళ్లకూ తట్టుకుంటుంది. కష్టమంతా చేసేటప్పుడే. డ్రిల్లును వేగంగా, తేలిగ్గా ఆనించారంటే ఆ చోటు గట్టిపడిపోయి బిట్టు మొద్దుబారుతుంది. స్పీడు తగ్గించి, గట్టిగా నొక్కి, నూనె వేస్తూ దింపాలి. కత్తిరించిన అంచు బ్లేడులా కోస్తుంది కాబట్టి లోపలికి మడిచేయాలి. పడ్డప్పుడు ఆ అంచు ఉండేది మన కాలి దగ్గరే మరి.

పైపు చుట్టూ చుట్టే గుడ్డ టేపు నాకు నచ్చలేదు. బురద నీళ్లు పీల్చుకుని అలాగే ఉంచుకుంటుంది, మామూలు స్టీలు పైపైతే టేపు కింద తుప్పు పడుతుంది. కార్బన్ ఫైబర్ తేలికే గానీ, అందులో మామూలు రెసిన్ వేడికి మెత్తబడుతుంది. జింకు పూత రేకు మాత్రం ఊరికే దొరికినా వద్దు. జింకు 420 డిగ్రీలకే కరుగుతుంది, ఇంకా కాలితే వచ్చే పొగ పీల్చకూడనిది. పాత ఆస్‌బెస్టాస్ ముక్కల జోలికైతే అసలే పోవద్దు.

కాబట్టి నా ఎంపిక చోటును బట్టి ఉంటుంది. ఇంజిను నుంచి బయటికొచ్చే బెండ్ పైపుకు స్టీలే. వెనక సైలెన్సర్ దగ్గర, సైడ్ ప్యానెల్ వెనక అల్యూమినియం. ఒక్కటే చేసుకునే ఓపిక ఉంటే స్టీలు వైపే మొగ్గుతాను, ఎందుకంటే పిక్క కాలేది బెండ్ పైపు దగ్గరే.

బిగింపు కూడా రేకంత ముఖ్యం. ముందు అట్టతో నమూనా కత్తిరించి, బండి మీద పెట్టి, కిక్ లివరు పూర్తిగా తిప్పి, బ్రేకు పెడలు నొక్కి ఎక్కడా తగలడం లేదని చూసుకోండి. స్టెయిన్‌లెస్ హోస్ క్లిప్పులు రెండు, వాటి మీద ఖాళీ కోసం స్టీలు స్పేసర్లు. రేకులో ఒక రంధ్రం గుండ్రంగా, రెండోది కోలగా ఉండాలి. 200 మి.మీ. స్టెయిన్‌లెస్ పైపు 400 డిగ్రీలు వేడెక్కితే సుమారు 1.4 మి.మీ. సాగుతుంది, రెండు చివర్లూ కదలకుండా బిగిస్తే ఆ ఒత్తిడంతా రేకు మీదే పడుతుంది. నైలాన్ ఉన్న లాక్ నట్లు ఇక్కడ కరిగిపోతాయి, పూర్తిగా లోహంతో చేసినవే వాడండి. టూ స్ట్రోక్ బండి లావు పైపు పల్చటిది, క్లిప్పును అతిగా బిగిస్తే నొక్కుకుపోతుంది. ఆ పైపు ఆకారాన్ని బట్టే ఇంజిను లాగుడు ఉంటుంది.

మొదటి రైడు అయ్యాక పైపు పూర్తిగా చల్లారనిచ్చి క్లిప్పులు మళ్లీ ఒకసారి బిగించండి. నావి రెండుసార్లూ అర చుట్టు వదులయ్యాయి.