కొత్త మొక్కలా, ఉన్న చెట్లా: చిన్న ఊరికి ఏది మేలు?

వనమహోత్సవాన్ని 1950లో అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ మొదలుపెట్టారు. అప్పటి నుంచి జూలై అంటే మొక్కలు నాటే నెల. మహబూబ్‌నగర్ లాంటి ఊళ్లో చెట్లకు పెట్టగలిగే డబ్బు, మనుషులు, ట్యాంకర్లు అన్నీ కొంచెమే. ఆ కొంచెం కొత్త మొక్కలకు పెట్టాలా, ఉన్న చెట్లకు పెట్టాలా? నన్నడిగితే ముందు ఉన్న చెట్లకే.

కొత్త కాలనీల్లో మాత్రం నాటక తప్పదు, అక్కడ కాపాడుకోవడానికి చెట్టే లేదు. పైగా చిన్న మొక్కకు ఖర్చు తక్కువ. చిక్కంతా నాటిన తర్వాతే. వానల్లో ఏ మొక్కైనా చిగురేస్తుంది. మార్చి నుంచి మే దాకా నీళ్లు పోసే మనిషి లేకపోతే చివరికి ట్రీ గార్డే మిగులుతుంది. అలాంటి ఎండాకాలాలు రెండు మూడు దాటితే గానీ మొక్క తన కాళ్ల మీద నిలబడదు. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019 బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలని, నాటిన వాటిలో 85 శాతం బతకాలని చెబుతుంది. మంచి నిబంధనే, కానీ దాన్ని నిజం చేసేది ఏప్రిల్‌లో తిరిగే ట్యాంకరు.

ఉన్న చెట్టు సంగతి వేరు. అది ఈ రోజే నీడనిస్తోంది. నలభై ఏళ్ల వేపను కొట్టేస్తే ఆ చోట పెట్టిన మొక్క అంత గొడుగు పట్టడానికి ఒక తరం పడుతుంది. దాని అవసరాలు చూస్తే చాలా చిన్నవి. సీసీ రోడ్డు వేసేటప్పుడు కాంక్రీటు మొదలు దాకా పోసేస్తారు. ఇక వేళ్లకు నీరూ గాలీ సరిగా అందవు. ఢిల్లీలో చెట్ల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశించింది. మన దగ్గర అది గడ్డపారతో ఒక పూట పని. తీసిన చోట పాదు చేసి, రాలిన ఆకులే కప్పితే చాలు. ఇంకో బాధ కరెంటు తీగల కింద కొమ్మలు కొట్టే తీరు. ఒక పక్కే నరికితే బరువంతా రెండో పక్కకు ఒరిగి, పెద్ద గాలివానకు చెట్టు కూలే ప్రమాదం పెరుగుతుంది. చెట్టు మానుకు మేకులు కొట్టి బ్యానర్లు కట్టడం గురించి చెప్పక్కర్లేదు, అది వెంటనే ఆగాలి.

పాత చెట్టుకు వైద్యం వృథా అనేవాళ్లు మహబూబ్‌నగర్ దగ్గరి పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రిని చూడాలి. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగిపడింది. చెదలు లోపల తొలిచేశాయి. సందర్శకులను ఆపేశారు. 2018లో సెలైన్ సీసాలతో చెదల మందు ఎక్కించారు, వాలిన కొమ్మల కింద స్తంభాలు కట్టారు. ఏళ్లు పట్టింది గానీ చెట్టు మళ్లీ పచ్చబడింది. 2021లో రాష్ట్రమంతా వేపలు ఎండినప్పుడూ అంతే. చచ్చిపోయిందని గొడ్డలి పట్టకుండా ఆగిన చాలామందికి మళ్లీ చిగుళ్లు కనిపించాయి.

రోడ్డు వెడల్పు చేసేటప్పుడు చెట్టును పెకిలించి వేరేచోట పెట్టడం మూడో దారి. మర్రి, రావి బాగానే తట్టుకుంటాయి, అన్ని జాతులూ అలా తట్టుకోవు. క్రేను ఖర్చు సరే, ఆ తర్వాతా నెలల తరబడి నీళ్లు పోయాలి. నరకడం కంటే మేలు, రోడ్డును కాస్త పక్కకు జరపడం కంటే మాత్రం కాదు.

మొక్కలు నాటే పండగ విషయంలోనూ నాదో కోరిక. జూలైలో వానే నీళ్లు పోస్తుంది. మన సాయం అవసరమయ్యేది వానలు వెనకబట్టాక, సరిగ్గా కార్తీక వనభోజనాల వేళకే. ఉసిరి కింద భోంచేసే రోజు వీధికి నాలుగు చెట్లకైనా పాదులు చేసి, రెండేళ్ల క్రితం నాటిన వాటిలో ఎన్ని బతికాయో లెక్క పెడితే పిల్లలకు అదే అసలైన పండగ. ఈసారి కౌన్సిలర్‌ను వార్డుకు వంద మొక్కలు అడిగే బదులు ఇరవై అడగండి. నిలువెత్తు వేప, కానుగ మొక్కలు అడగండి, మూడు ఎండాకాలాలు నీళ్లు పోసే మనిషి జీతంతో కలిపి.