ఆరేళ్లుగా కెడిల్‌స్టన్ హాల్

ఇంగ్లండ్‌లోని డెర్బీలో కాపురం పెట్టి ఆరేళ్లు దాటింది. ఊరు దాటి నాలుగైదు మైళ్లు వెళితే కెడిల్‌స్టన్ హాల్ అనే పాతకాలపు దొరల భవనం. దాన్ని చూసుకునే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థలో సభ్యత్వం ఉంది కనుక ప్రతిసారీ టికెట్ కొనే పని లేదు. చుట్టాలొచ్చినా అక్కడికే, మనసు బాగోలేకపోయినా అక్కడికే. ఎన్నిసార్లు వెళ్లానో లెక్క ఎప్పుడో తప్పిపోయింది.

మొదటిసారి వెళ్లినవాళ్లను పడగొట్టేది మార్బుల్ హాల్. పేరుకే మార్బుల్, వరుసగా నిలబడ్డ ఇరవై స్తంభాలూ అలబాస్టర్ రాయి. పక్క గోడలకు కిటికీలు లేవు, వెలుతురంతా పైకప్పు నుంచే దిగుతుంది. మబ్బు పట్టిన రోజు స్తంభాల మీది గులాబీ జీరలు మరింత బాగా కనిపిస్తాయి. ఆరేళ్లలో నేను కనిపెట్టినది అదొక్కటే!

1760 ప్రాంతంలో ఇంటి యజమాని నథానియెల్ కర్జన్ ఈ ఇంటి పనిని రాబర్ట్ ఆడమ్ అనే వాస్తుశిల్పి చేతిలో పెట్టాడు. కాపురం పక్క భాగంలో. ఈ నడిమి భవనం మాత్రం నలుగురికీ చూపించుకోవడానికి. చుట్టాలొస్తే తప్ప బయటకు తీయని వెండి కంచాల్లాంటి ఇల్లు. వచ్చినవాళ్లకు గదులు తిప్పి చూపించడం ఆ రోజుల్లో మిసెస్ గార్నెట్ అనే ఇంటి పెత్తందారు పని. ఆమె చిత్తరువు ఇప్పటికీ ఇంట్లో ఉంది, చేతిలో ఇంటి వివరాల పుస్తకంతో సహా. దొరల బొమ్మలన్నిటికంటే నాకు ఆవిడే ఇష్టం.

కొత్త ఇంటి ముంగిట చూపుకు అడ్డమని పాత పల్లెను అక్కడి నుంచి తరలించారు. మిగిలింది చర్చి ఒక్కటే. ఇంటిని ఆనుకుని ఉంటుంది, తప్పకుండా చూడండి.

తోట అనగానే పూలమొక్కలు ఊహించుకుంటే నిరాశ తప్పదు. ఇక్కడిది పచ్చిక, చెరువు, పెద్ద చెట్లు, గొర్రెలు. మూడు కమానుల రాతి వంతెన, చెరువు ఒడ్డున చేపలు పట్టుకునే చిన్న మంటపం, రెండూ ఆడమ్ గీసినవే. మంటపం కింద పడవలకు చోటు, చన్నీళ్ల స్నానానికి తొట్టి కూడా ఉన్నాయి. లాంగ్ వాక్ అనే చుట్టుదారి సుమారు ఐదు కిలోమీటర్లు. వాన పడిన మర్నాడు మామూలు బూట్లతో వెళ్లి బురదలో కూర్చున్నవాణ్ణి నేనే, తప్పు నాదే. పచ్చిక మీద దుప్పటి పరిచే ముందు గొర్రె పెంటికలు చూసుకోండి.

ఇక అసలు సంగతి. 1905లో బెంగాల్‌ను చీల్చిన వైస్రాయ్ లార్డ్ కర్జన్ పుట్టింది ఈ ఇంట్లోనే. కలకత్తాలో ఆయన ఉన్న ప్రభుత్వ భవనం కూడా, ఆయన పుట్టకముందే, ఈ ఇంటి నమూనాలోనే కట్టినది. అంటే వైస్రాయ్‌గా వెళ్లి కూడా ఆయన సొంతింట్లోనే దిగినట్టు. కింది అంతస్తులో తూర్పు దేశాల మ్యూజియం ఉంది. ఆయన ఆసియాలో కొన్నవి, కానుకలుగా అందుకున్నవి అక్కడున్నాయి. ఆ వంశ నినాదం ఏమిటో తెలుసా? కర్జన్ పట్టినది కర్జన్ చేతిలోనే ఉండాలని! అది తెలిశాక ఆ గదిలో నా నడక మారిపోయింది.

1903 ఢిల్లీ దర్బారులో ఆయన భార్య మేరీ వేసుకున్న, నెమలి ఈకల్లా కుట్టుపని చేసిన గౌను ఇక్కడే అద్దాల పెట్టెలో ఉంది. గుడ్డ మీద పని మన దేశంలో చేయించి, గౌను పారిస్‌లో కుట్టించారు. నేను చాలాసార్లు చూసి దాటిపోయాను. పోయిన వేసవిలో రాజమండ్రి నుంచి అమ్మ వచ్చింది. స్తంభాల దగ్గర రెండు నిమిషాలు, దీని ముందు అరగంట.

"ఇది మగ్గం పని కదరా" అంది మొదట. తర్వాత అద్దానికి ముక్కు ఆనించినంత పని చేసి, "ఈ కన్నుల్లో పచ్చగా మెరిసేవి రాళ్లు కావు, బంగారు పురుగు రెక్కలు" అంది. నిజమే. వెండి, బంగారు జరీతో కుట్టిన ఒక్కో ఈక నడుమ పురుగు రెక్క డొప్ప తాపారు. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో ఆకులేసి బంగారు పురుగును పెంచిన మనిషికి ఇంకొకరు చెప్పాలా?

రాజమండ్రి అంటే గుర్తొచ్చింది: ఆ బెంగాల్ విభజన మీద రగిలిన వందేమాతరం ఉద్యమమే 1907లో బిపిన్ చంద్ర పాల్‌ను ఆ ఊరికి రప్పించింది. అమ్మకు చెబితే, "అవన్నీ తర్వాత, ముందు ఈ కుట్టు చూడు" అంది.

చూడాలనుకునేవారికి ఒక మాట: ఇల్లు తెరిచే వేళలు వేరు, తోట వేళలు వేరు. చూసుకుని బయలుదేరండి. సొంత కారు ఉంటే నయం; బస్సును నమ్ముకుని నేను ఒకసారి గంటన్నర రోడ్డు పక్కన నిలబడ్డాను. కింది మ్యూజియానికి గంట కేటాయించండి, పై గదులకు అంత అక్కర్లేదు.

అమ్మ ఆ గౌను ఫోటో తీసి, ఊళ్లో తన జాకెట్లకు మగ్గం పని చేసే అబ్బాయికి పంపింది. సాయంత్రానికి జవాబొచ్చింది: "అమ్మా, వెనకవైపు ఒకసారి తీసి పంపండి. ముడి ఎక్కడ వేశారో చూడాలి."